ఆ తెరచాప ఒడ్డు చేరేలోగా

అదిగో, అది తెరచాపేనా? కాదు, కొంగ. నీళ్ళ మీద కాసేపు తెల్లగా తేలినట్టు కనబడి, రెక్కలు విదిలించి ఒడ్డు వైపు తిరిగింది. నాగేశప్పకు ఊపిరి ఆడింది. ఇంకెంత, మహా అయితే ఒక గంట. పొద్దు నడినెత్తికి రాకముందే వేటకు పోయిన కట్టుమరాలన్నీ గాలివాటున ఒడ్డు చేరతాయని చేపలమ్మే ఆమె చెప్పింది. అంతటితో ఊరుకోవచ్చు కదా, ఇటుక రంగు తెరచాప, నడుమ నల్లగుడ్డ మాసిక, అదే ఆ ముసలాయనది అని ఆనవాలు కూడా చెప్పిపోయింది మహాతల్లి. అడిగింది తన పక్కనున్న కాళమ్మ. ఈ రేవులో దోణెక్కి సిలోనుకు పోయినవాళ్ళ సంగతి ఎవరికి తెలుసని తనకొచ్చిన హోసూరు అరవంలో అడిగింది. నేనీ ఊరికి కోడలిగా వచ్చి నాలుగేళ్ళే అయింది, ఒక చెవి తెగిన ముసలాయన ఉన్నాడు, ఈ ఇసుక మీద అడుగుపెట్టిన ప్రతి మనిషీ ఆయనకు గుర్తే, వేటకు పోయాడు, వస్తాడు కూర్చోండి అంది ఆ చేపలామె. కూర్చున్నారు. ఆ తెగిన చెవి నాగేశప్పకు తెలుసు. తొమ్మిదేళ్ళ కింద కార్తీకమాసం వానలో ఆ చెవి మీంచి నీళ్ళు కారుతుండగా ఆ మనిషి తన మొహంలో మొహం పెట్టి అరిచాడు. ఆయన వచ్చాడంటే ఒక్క మాటలో తేల్చేస్తాడు, నీ మొగుడు సిలోనుకు పోలేదమ్మా, ఈ నీళ్ళలోనే పోయాడు అని. పరాయివాడి నోట ఆమె వినేలోగా తన నోటితో చెప్పెయ్యాలి. ఏముంది, నాలుగు మాటలు. సొంత తమ్ముడి పెళ్ళానికి చెప్పాల్సిన నాలుగు మాటలను తమ ఊరు బేరిగై నుంచి రెండు బస్సులూ ఒక రైలూ ఒక జట్కా ఎక్కించి ఇంత దూరం మోసుకొచ్చాడు, ఏ మజిలీలోనూ దించలేకపోయాడు.

కృష్ణగిరి బస్టాండులో చెప్పాలనుకున్నాడు. మామిడికాయల గంపల మధ్య రెండు గంటలు నిలబడ్డారు, చెప్పొచ్చు, కానీ చుట్టూ జనం, ఆమె అక్కడే కూలబడి ఏడిస్తే ఏం చెయ్యాలి? రైల్లో చెప్పాలనుకున్నాడు. రైలెక్కడం ఆమెకు అదే మొదలు, కిటికీ చువ్వ పట్టుకొని కళ్ళు ఇంతింత చేసుకొని చూస్తుంటే నోరు రాలేదు. ఏదో ఒక వంక. వంకలకేం కరువు, ఇన్నేళ్ళూ వాటి మీదే కదా బతుకుతున్నది. అసలీ ప్రయాణమే వద్దని ఎంత చెప్పాడు! సిలోనులో ఉన్న మనవాళ్ళను వెనక్కి పంపించేస్తారట, పేపర్లో పడిందట అని సంతలో ఎవరో అన్న మాట ఆమె చెవిన పడింది, అంతే, ఉడుంపట్టు పట్టింది. నువ్వు తీసుకపోకుంటే దావ అడుక్కుంటా నేనే పోతాను బావా అంది. పోతుంది కూడా, అన్నంత పనీ చేసే మనిషి. ఆ ఒడిలో కంబళి చూడు. ఎండకు ఇసుక పెనంలా కాలిపోతోంది, చెమట చెంపల మీంచి మెడలోకి కారుతోంది, ఒడిలో మాత్రం నల్లకంబళి. టీ తోటల్లో చలంట, కప్పుకొనే అలవాటైన ఒళ్ళు కదా, దిగంగానే కప్పాల అని ఆమె మూట కడుతుంటే తను దూలం వైపు చూస్తూ ఊకొట్టాడు. ఊకొట్టాడు, సిగ్గులేని మనిషి.

పొద్దున జట్కా దిగినప్పుడు ఇది ఆ ఊరేనా అని అనుమానం వచ్చింది. ఇసుక అదే, తాటిచెట్లు అవే, తాటాకు గుడిసెలు అవే, ఎండేసిన చేపల కంపు అదే, కానీ ఏదో లేదు. కాసేపటికి తెలిసింది, తంగేడు చెక్క వాసన లేదు. ఆ రోజుల్లో ఊరు అరమైలు ఉందనగానే ఆ వాసన ఎదురొచ్చేది, వగరుగా, నాలుక మీద తగిలేటంత చిక్కగా. ప్రతి గుడిసె ముందూ ఒక కాగు, అందులో తంగేడు చెక్క కుతకుత ఉడికేది, ఆ ఎర్రటి రసంలో నూలు వలలు ముంచి ఆరేసేవాళ్ళు. ముంచకపోతే ఉప్పునీళ్ళకు వల నెల తిరక్కముందే కుళ్ళిపోతుంది. ఆ చెక్క డెంకణికోట అడవి అంచు నుంచి వచ్చేది. వానలు పడ్డాక తంగేడు పొదలు కొట్టుకొచ్చి రాతి మీద నలగ్గొట్టి బెరడును చెక్కగా ఒలిచేవాళ్ళు బేరిగై మనుషులు, అందులో కాళమ్మ చెయ్యి అందరికంటే వాడి. కృష్ణగిరి గోపాలయ్య మండీ నుంచి ఏడాదికి రెండు లోడ్లు ఈ రేవుకు వచ్చేవి, లోడు వెంట అన్నదమ్ములిద్దరూ వచ్చేవాళ్ళు కాదు, ఎప్పుడూ నాగేశప్ప ఒక్కడే, ఆ ఒక్కసారి మాత్రం సముద్రం చూస్తానన్నా అని తమ్ముడు గుర్రప్ప తగులుకున్నాడు. రేవు అసలు పేరు అరవంలో బారెడు, నోరు తిరక్క అందరూ చెక్కరేవు అనేసేవాళ్ళు. ఇప్పుడు ఏ గుడిసె ముందూ కాగు లేదు. నైలాన్ వలలంట, కుళ్ళవంట, ఏ రసమూ అక్కర్లేదంట, ఇసుక మీద తెల్లగా పరిచి ఉన్నాయి. గోపాలయ్య మండీలోనూ ఇప్పుడు మామిడికాయలే. పీడా పోయింది అనుకోవాలి కదా, ఆ వాసన లేకపోతే హాయిగా ఉండాలి కదా? ఉండలేదు, భయం వేసింది. తమ్ముడు పోయిన పొద్దుకు ఆ వాసన సాక్షి. అదీ పోతే ఇక ఆ పొద్దు రెండు తలల్లోనే మిగిలింది, తన తలలో, ఆ ముసలాయన తలలో.

అల వస్తుంది, విరుగుతుంది, పోతుంది. చెరువు ఇట్లా చెయ్యదు. చెరువు నీళ్ళు నిన్న ఎక్కడున్నాయో ఇవాళా అక్కడే ఉంటాయి, ఎండాకాలం వస్తే తగ్గుతాయి, వానలకు పెరిగితే ఊరంతా చూస్తుండగానే పెరుగుతాయి. మెట్ట మనుషులకు నీళ్ళంటే అదే, ఇంకో రకం నీళ్ళుంటాయని ఎవరు చెప్పారు? అంతకుముందు ఏడెనిమిది సార్లు వచ్చాడు తను, అన్నీ ఎండాకాలం లోడ్లే, వానల లోడుతో రావడం అదే మొదలు, ఎప్పుడు చూసినా సముద్రం పెంపుడు ఆవులా ఉండేది. ఆ రోజు బండ్లవాళ్ళు చెక్క మోపులు ఇసుక మీద దించేసి పోయారు. తూకం వేసుకునే సాహుకారు తెల్లారి వస్తాడన్నారు. నీళ్ళు యాభై బారల దూరంలో ఉన్నాయి. యాభై బారలంటే మాటలా! నాగేశప్ప నాలుగు వైపులా చూశాడు, పక్క గుడిసె పొయ్యిలో బూడిద తట్టతో తెచ్చాడు, మోపుల చుట్టూ గీత గీశాడు, కళ్ళంలో రాగి రాశి చుట్టూ గీసినట్టే. బేరిగై పక్క అది ఆచారం. బూడిద గీసి కావలి పెట్టాక, పెద్దవాడు తిరిగి వచ్చేదాకా కావలి మనిషి గీత దాటకూడదు, దాటితే రాశిలో పొలి పోతుంది, పొలి పోయిన రాశి ఎంత కొలిచినా ఇంటికి చాలదు. గుర్రప్ప కావలి అంటే ఊరికే ఒక ధీమా. ఒకసారి కళ్ళం పక్కన గడ్డివాము అంటుకొని జనమంతా పరుగో పరుగు, వాడు మాత్రం గీత లోపలే నిలబడి రాశి మీద తడిగోనెలు కప్పుకుంటూ ఉండిపోయాడు. ఆ సంగతి చెప్పుకొని ఊరు ఏడాదిపాటు నవ్వింది. నాగేశప్పా నవ్వాడు.

"ఈడనే ఉండు. నేనొచ్చే దాకా గీత దాటొద్దు," అన్నాడు ఆ రోజు. దీపాలు పెట్టే పొద్దుకు వచ్చేస్తానన్నాడు. గుర్రప్ప మోపుల మీద కాళ్ళాడిస్తూ కూర్చొని, పోయిరా న్నా, నేను అలలు లెక్కపెడతా ఉంటాను అన్నాడు. అదే ఆఖరుసారి వాడి మొహం చూడటం. సరిగ్గా చూశాడా అంటే అదీ లేదు, కాళ్ళు అప్పటికే దారి మీద ఉన్నాయి. దేనికోసం? చెప్పుకుంటే మానం పోతుంది. తమ సేలం జిల్లాలో చిన్నతనం నుంచీ మద్యం నిషేధం, డెంకణికోట అడవిలో దొంగసారాయి కాచినా పోలీసు భయం. ఇక్కడ రెండు మైళ్ళు నడిస్తే ఫ్రెంచివాళ్ళ పొలిమేర, దొరలు పోయినా అంగళ్ళు పోలేదు, బల్ల వేసి కూర్చోబెట్టి పోస్తారని బండివాడు కన్నుగీటాడు. ఒక గ్లాసు తాగి వచ్చేద్దామనుకున్నాడు. రెండో గ్లాసుకు గాలి లేచింది. మూడో గ్లాసుకు తడికల మీద వాన దడదడ కొట్టింది. చెక్క తడిస్తే రసం దిగిపోతుంది, గోనెలు కప్పాలి, లేవాలి అనుకున్నాడు. అనుకున్నాడు, అది బాగా గుర్తు, మత్తులో తెలియలేదని ఒకరికి చెప్పొచ్చు గాని తనకు తను చెప్పుకోలేడు. తెలుసు. తెలిసే, గుర్రప్ప ఉన్నాడులే అనుకొని నాలుగోది పోయమన్నాడు. ఉన్నాడులే. ఆ ఒక్క మాట ఇన్నేళ్ళూ కూడు తింటుంటే గొంతులో అడ్డం పడింది.

తెల్లారి వచ్చేసరికి ఒడ్డు లేదు. నిన్న ఇసుక ఉన్నచోట నీళ్ళు, నీళ్ళున్నచోట కొండంత కొండంత అలలు, గుడిసెలు తాటితోపులోకి కొట్టుకొచ్చి ఉన్నాయి. ఆడవాళ్ళు తడిచీరలతో మనుషులను వెతుక్కుంటున్నారు. అప్పుడే ఆ తెగిన చెవి ముసలాయన తనను భుజాలు పట్టి ఊపాడు, అరిచాడు, ఆ అరుపులో సగమే అర్థమైంది. మీవాడా, మీవాడేనా, పిలిస్తే రాలేదు, రానన్నాడు, అదే. రెండు రోజులు తీరం వెంట నడిచాడు. తమ్ముడు దొరకలేదు. చెక్క మాత్రం దొరికింది, అడుగడుక్కీ ఒక పెచ్చు, అన్నం మెతుకుల్లా చెదిరి. ఆ మోపుల రసమంతా దిగి ఒడ్డు మడుగుల్లో నీళ్ళు రెండు రోజులూ ఎర్రగానే ఉన్నాయి. చెక్క రసమని తెలుసు, తన చేతులతో లోడెత్తిన చెక్క. తెలిసీ ఆ నీళ్ళలో కాలు పెట్టలేకపోయాడు. ఇప్పటికీ తొలివానకు డెంకణికోట దారి పక్క గుంటల్లో ఎర్రమట్టి నీళ్ళు నిలబడితే చుట్టు తిరిగి పోతాడు. ఊళ్ళో నూర్పిళ్ళు మొదలైతే ఏదో పని కల్పించుకొని హోసూరు పోతాడు. అక్కడికీ వస్తాడు వాడు. కల్లోకి వచ్చినవాడు తిట్టొచ్చు, మీద పడి కొట్టొచ్చు, వాడు అదేదీ చెయ్యడు. తడిసి నిలబడి, వచ్చినావా న్నా అంటాడు, అంతే, నిజంగానే సంతోషపడినట్టు అంటాడు.

ఇంటికి పోయిన రోజు గడపలో కాళమ్మ ఎదురొచ్చింది, చేతులకు రాగిపిండి. ఆయప్ప యాడ బావా అంది. సిలోనుకు పోయినాడమ్మా, టీ తోటలో పనంట, దోణెక్కినాడు. ఎవరు చెప్పమన్నారు ఆ మాట? దారంతా ఒక్కసారి కూడా అనుకోలేదు, నోరు తెరిస్తే అదే ఊడిపడింది. రేపు సరిచేద్దాం అనుకున్నాడు. ఆ రేపటిలోగా ఊరంతటికీ తెలిసిపోయింది, తమ అమ్మ తులసికోటలో దీపం పెట్టి చిన్నకొడుకు చల్లగా ఉండాలని మొక్కింది, అలా మొక్కుతూనే నాలుగేళ్ళకు కన్నుమూసింది. తర్వాత అబద్ధాన్ని పెంచే పని కూడా తనకు లేకపోయింది, కాళమ్మే సాకింది. ఆయప్పకు అక్కడ సన్నన్నం పడతాదో లేదో, మేస్త్రీ అయ్యుంటాడు, ఇంకో పెళ్ళి చేసుకున్నా చేసుకోనీ, కానీ చెప్పల్ల గదా ఒక మాట అనేది చెక్క ఒలుస్తూ. ఐదో ఏట మాదప్ప అని డెంకణికోట మనిషి, పెళ్ళాం పోయినవాడు, రాత్రుళ్ళు ఏనుగుల కావలి కాసి రెండెకరాలు నిలబెట్టుకున్న మంచివాడు, ఆమెను మారుమనువు అడిగాడు. పెద్దలు కూర్చొని, నీ తమ్ముడు ఉన్నట్టా లేనట్టా, నీ నోటితో చెప్పు నాగేశప్పా అన్నారు. అదీ సందు. లేడు అంటే ఆమె బతుకు ఆమెకు దక్కేది. ఉన్నాడన్నాడు. ఆ మాటకు తలుపు చాటు నుంచి కాళమ్మ అతనికేసి చూసిన చూపులో ఎంత కృతజ్ఞత! దాని బదులు చెప్పు తీసుకొని కొట్టినా బాగుండేది.

"బావా, అదేనేమో చూడు."

చూశాడు. నీళ్ళ అంచున ఇటుక రంగు చుక్క. పక్కనే తెల్లవి, మాసినవి ఇంకో నాలుగైదు ఉన్నాయి, కళ్ళు వాటి మీద నిలవలేదు. నడుమ నల్లమాసిక ఇంకా కనబడటం లేదు, కనబడకపోతే ఆయనది కాదేమో, ఆయన మరం ఇవాళ ఇంకో రేవుకు పోయిందేమో, ముసలాయన కదా, ఏమైనా... ఛీ, ఒకణ్ణి మింగింది చాలక ఇంకొకడు కూడా మునగాలని కోరుకుంటున్నాడా తను? కాళమ్మ లేచి నిలబడింది. కంబళి చంకలోకి తీసుకుంది, కొంగు సర్దుకుంది, తడి వేలితో బొట్టు సరిచేసుకుంది. ముసలివాడి ముందుకు పోవడానికి కాదు, ఆ ముసలివాడు చెప్పబోయే కబురు ముందుకు పోవడానికి. గాలి తోస్తోంది, చుక్క బొట్టంత అయింది, బొట్టు ఆకంత అయింది, ఆకు నడుమ నల్లగా మాసిక. ఇక వంకల్లేవు. చెప్పు. నాలుగు మాటలు. ఆమె రెండడుగులు వేసింది, మూడో అడుగు వేస్తే తన గొంతు ఆమెకు అందదు, ఆ అలల మోతలో.

"కాళమ్మా, నిలబడమ్మా. వాడు సిలోనుకు పోలేదు."

ఆమె వెనక్కి తిరగలేదు. వీపుతోనే విన్నది. ఇక ఆగకూడదని చెప్పుకుపోయాడు, ఆ కార్తీకమాసం తుపాను, ఒడ్డున చెక్క, చీకటి పడేవేళ లేచిన అలలు, గుర్రప్ప ఈడనే పోయినాడు, ఈ నీళ్ళల్లోనే, చెప్పే ధైర్యం లేక దోణెక్కినాడని కల్పించినాను అన్నాడు. ఎంత తేలిక! ఇన్నేళ్ళు మోసిన బరువు ఇంతేనా అనిపించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆ నీళ్ళతోపాటే ఇంకో మాట జారింది. "నేను పక్కనే ఉండినానమ్మా. చెయ్యి పట్టుకుంటి. నీళ్ళ ఊపుకు జారిపోయినాడు."

అయ్యో. ఇదెక్కడిది? ఈ మాట ఎవరు చెప్పమన్నారు? మళ్ళీ ఆ గడపలో ఊడిపడ్డట్టే ఊడిపడింది. వెనక్కి తీసుకోవాలి, ఇప్పుడే తీసుకోవాలి, కాదమ్మా అనాలి. కానీ కాళమ్మ తిరిగింది. మొహంలో రక్తం లేదు. ఇసుకలో మోకాళ్ళ మీద కూలబడి, కంబళిలో తల దూర్చి ఏడ్చింది, పైకి వినబడనంత లోతుగా. కాసేపటికి తల ఎత్తి, కొంగుతో మొహం తుడుచుకొని, అతని చెయ్యి పట్టుకుంది. ఇన్నేళ్ళు నువ్వొక్కడివే ఎట్లా మోస్తివి బావా, నీ కళ్ళ ముందర పాయెనా, చెయ్యి పట్టినా దక్కలేదా అంది. తిడుతుందనుకున్న మనిషి ఓదార్చింది. ఆ ఓదార్పు నాగేశప్ప తీసుకున్నాడు. తీసుకొని తల ఊపాడు కూడా. ఇలాగే ఉండిపోతే ఎంత బాగుండును, లేచి ఇటునుంచి ఇటే జట్కా ఎక్కిపోతే ఎంత బాగుండును, పోదాం పదమ్మా, ఇంకేముంది ఈడ అన్నాడు.

అంతలో మరం ఇసుకలోకి దూసుకొచ్చింది. ముసలాయన దిగాడు, ఎండిన చింతబరికెలాంటి మనిషి, తెగిన చెవి వైపు తల వంచుకొని నడిచి వస్తున్నాడు. చేపలమ్మే ఆమె ఎదురుపోయి, మొగుణ్ణి వెతుక్కుంటూ వచ్చిందని చెప్పి వీళ్ళను చూపించింది. నాగేశప్ప వైపు ఆయన ఒక్క చూపు చూశాడు, అంతే, ఆనవాలు పట్టాడు. గంప దించి, గోచీ తడి పిండుకొని, నేరుగా కాళమ్మ ముందుకొచ్చి చేతులు జోడించాడు. నన్ను మన్నించు తల్లీ అన్నాడు అరవంలో. నేనే పోయాను ఆ పిల్లవాడి కోసం, నడుంలోతు నీళ్ళలో పోయాను, చెయ్యి పట్టి లాగాను, నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీసుకున్నాడు, అంత నీళ్ళలోనూ ఆ మోపుల మీంచి దిగలేదు. చుట్టూ ఏదో చూపించాడు, అక్కడేమీ లేదు, నీళ్ళే. రా, రా అని నేను అరుస్తుంటే నవ్వాడు కూడా. అన్న వస్తాడు అన్నాడు. ఎన్నిసార్లు పిలిచినా అదొక్క మాటే తల్లీ, మా అన్న వస్తాడు.

అలలు అలాగే విరుగుతున్నాయి. కాళమ్మ ముసలాయన చేతుల వైపు చాలాసేపు చూసింది. తర్వాత నాగేశప్ప చెయ్యి చూసింది. తన చేతిలో ఇంకా ఉన్న ఆ చేతిని వదిలేసింది, విసిరెయ్యలేదు, మెల్లగా పక్కన పెట్టినట్టు వదిలేసింది.

"నువ్వప్పుడు యాడ ఉండినావు, బావా?"

సాహుకారు ఇంటికి పోయుంటి అనొచ్చు. వానకు వంతెన తెగింది అనొచ్చు. ఇన్నేళ్ళూ ఈ ప్రశ్నకు ఎన్ని జవాబులు కట్టి పెట్టుకున్నాడో, అన్నీ వరసగా నోటి దాకా వచ్చాయి. నోరు వాటిలో ఏదో ఒకటి అనేస్తుందని తనకే భయం వేసి, పెదవి గట్టిగా కరిచి పట్టుకున్నాడు.

"సారాయంగట్లో ఉండినానమ్మా," అన్నాడు చివరికి. "గీత గీసి, నేనొచ్చే దాకా దాటొద్దని నేనే చెప్పింటిని. వానొచ్చింది తెలుసు. లెయ్యలేదు."

కాళమ్మ లేచింది. ముసలాయన వైపు తిరిగి, ఆ చోటు ఏదో చూపించమని అడిగింది. ఆయన ముందు నడిచాడు, ఆమె వెనక నడిచింది. నాగేశప్ప కూడా లేవబోయాడు. రావద్దని ఆమె అనలేదు, రమ్మనీ అనలేదు, అతను ఇసుకలో అలాగే కూర్చుండిపోయాడు.